కార్డు వేగంగానే ఉంది, ప్రోగ్రామ్ ఎందుకు నెమ్మదించింది?

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. ఎస్‌డీఆర్ రిసీవరు (సంకేతాలను అంకెలుగా మార్చి, మిగతా పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేసే రేడియో) రికార్డు చేసిన ఫైళ్లలో సిగ్నళ్లు వెతకడానికి, లోపలి లాజిక్‌ను మనమే మలచుకోగల ఎఫ్‌పీజీఏ చిప్ ఉన్న కార్డు మీద 1024 బిందువుల ఎఫ్ఎఫ్‌టీ (సంకేతంలో ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో విడదీసే లెక్క) యంత్రం కట్టారు. క్లాకు 250 మెగాహెర్ట్జ్, ఒక్కో క్లాకుకు 8 శాంపిళ్లు మింగుతుంది. అంటే 128 క్లాకులు, సుమారు అర మైక్రోసెకనులో ఒక ఎఫ్ఎఫ్‌టీ. అదే పని మీ ప్రాసెసర్‌లో ఒక కోర్ 5 మైక్రోసెకన్లలో చేస్తోంది. పది రెట్ల లాభం ఆశించి కార్డును పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కంప్యూటర్‌కు కార్డులను కలిపే దారి) మూడో తరం 8 లేన్ల స్లాటులో పెట్టారు, డ్రైవరు రాశారు, కొలిచారు. ఒక్కో ఎఫ్ఎఫ్‌టీకి 40 మైక్రోసెకన్లు వచ్చింది. ఇప్పుడు ఐదో తరం కార్డుకో, సీఎక్స్ఎల్ (ప్రాసెసర్, కార్డు ఒకదాని మెమరీ ఒకటి పంచుకునే ప్రమాణం) ఉన్న సర్వర్‌కో మారితే మంచిదా అని అడుగుతున్నారు.

ఇప్పుడే మారవద్దు. ఆ డబ్బు పెట్టినా మీ 40 మైక్రోసెకన్లలో ఒకటో అరో తగ్గుతుంది, అంతే. కారణం తెలిస్తే ఉన్న కార్డుతోనే ఆశించిన వేగానికి దగ్గరగా చేరుకోవచ్చు. పద్దెనిమిదేళ్లుగా కార్డు లోపలి లాజిక్, దాన్ని నడిపే డ్రైవరు రెండూ రాస్తున్నాను. ఈ రెండింటినీ ఇద్దరు వేర్వేరు మనుషులు రాసి, చివరి వారంలో కలిపిన ప్రతిచోటా మీకు ఎదురైన ఫలితమే చూశాను. యంత్రం ఎంత వేగంగా లెక్క చేస్తుందన్న దానికంటే ముందు, డేటా ఎక్కడ పుడుతుంది, ఏ దారిన వస్తుంది, ఎక్కడికి పోతుంది అన్నది కాగితం మీద గీసుకోవాలి. ఆ దారి కూడా యంత్రంలో భాగమే.

ఒక్క ఎఫ్ఎఫ్‌టీ వెంట నడిచి చూద్దాం. మీ ప్రోగ్రామ్ 8 కిలోబైట్ల బఫరును డ్రైవరుకు అందించింది. సిస్టమ్ కాల్ దాటి పని కెర్నెల్‌లోకి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలోకి వెళ్లింది. ఆ బఫరు ఏయే పేజీల్లో ఉందో డ్రైవరు వెతికి, అవి కదలకుండా కట్టిపడేసింది. ఐవోఎంఎంయూ (కార్డులకు మెమరీ చిరునామాలు మార్చి ఇచ్చే భాగం) పనిచేస్తుంటే, కార్డు వాడుకోవడానికి ఆ పేజీలకు వేరే చిరునామాలు కేటాయించింది. డేటా ఎక్కడుందో, ఎంతుందో చెప్పే డిస్క్రిప్టర్ రాసింది. కార్డు డోర్‌బెల్ రిజిస్టరులో ఒక అంకె రాసి తలుపు తట్టింది. కార్డు లేచి ముందుగా ఆ డిస్క్రిప్టర్‌ను హోస్ట్ (మీ కంప్యూటర్) మెమరీ నుంచి చదువుకుంది. వెళ్లి రావడానికే సుమారు ఒక మైక్రోసెకను. తరవాత 512 బైట్ల చొప్పున 16 రీడ్ అభ్యర్థనలు పంపి డేటా తెప్పించుకుంది. అర మైక్రోసెకను లెక్క. ఫలితాన్ని హోస్ట్ మెమరీలో రాసింది. పని అయిందని చెప్పే ఇంటరప్ట్ పంపింది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోకి వెళ్లింది, నిద్రపోతున్న మీ ప్రోగ్రామ్‌ను లేపమని షెడ్యూలర్‌కు చెప్పింది. షెడ్యూలర్ తన వీలు చూసుకుని లేపింది. చిరునామాలు విడిపించి, పేజీల కట్లు విప్పి, సిస్టమ్ కాల్ నుంచి బయటపడితే అప్పుడు ఒక ఎఫ్ఎఫ్‌టీ పూర్తయినట్టు.

ఇందులో 8 కిలోబైట్లు తీగల మీద ప్రయాణించడానికి పట్టింది మైక్రోసెకనుంపావు. లెక్కకు అర మైక్రోసెకను. మిగతాదంతా తతంగమే. ఒక్క బస్తా వడ్ల కోసం ట్రాక్టరు మాట్లాడుకుని, మిల్లుకు తోలుకెళ్లి, వరుసలో నిలబడి, ఆడించుకుని, మళ్లీ ఇంటికి చేర్చుకున్నట్టు ఉంది. మిల్లు వేగం రెట్టింపు చేసినా, రోడ్డు వెడల్పు చేసినా మీ పూట మిగలదు. ఐదో తరం కార్డు అంటే ఆ వెడల్పాటి రోడ్డే.

అయినా రోడ్డు సంగతి కూడా లెక్కవేయాలి, ఎందుకంటే మీ డిజైన్‌లో ఇంకో చిక్కు దాగి ఉంది. మూడో తరంలో ఒక్కో లేను సెకనుకు 800 కోట్ల బిట్ల చొప్పున పంపుతుంది. 130 బిట్లలో 128 మాత్రమే డేటా. 8 లేన్లకు లెక్కగడితే ఒక్కో దిశలో సెకనుకు 7.88 గిగాబైట్లు. ప్రతి ప్యాకెట్‌కు తోడుగా శీర్షిక, క్రమసంఖ్య, తప్పులు పట్టే సీఆర్‌సీ కలిపి ఇరవై పైచిలుకు బైట్లు పోతాయి కాబట్టి, 256 బైట్ల ప్యాకెట్లతో ఆరున్నర నుంచి ఏడు గిగాబైట్లు చేతికొస్తే అది మంచి ఫలితమే. మీ యంత్రం ఏం మింగుతోంది? శాంపిల్‌కు 8 బైట్లు, క్లాకుకు 8 శాంపిళ్లు, సెకనుకు 25 కోట్ల క్లాకులు. మొత్తం 16 గిగాబైట్లు. తతంగమంతా సున్నా అయినా మీ యంత్రం సగానికి పైగా సమయం ఖాళీగా కూర్చుంటుంది. ఎఫ్‌పీజీఏలోని పీసీఐ బ్లాకు మూడో తరం 8 లేన్లకు ఇచ్చేది 250 మెగాహెర్ట్జ్ దగ్గర 256 బిట్ల వెడల్పు, అంటే క్లాకుకు 32 బైట్లు. ఈ అంకెను గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

మొదట చేయవలసింది గుంపులుగా పంపడం. ఒక్కో కాల్‌కు 256 ఎఫ్ఎఫ్‌టీల డేటా, అంటే 2 మెగాబైట్లు ఇవ్వండి. తీగల మీద అది సుమారు 320 మైక్రోసెకన్లు. దానికి మీ 40 మైక్రోసెకన్ల తతంగం ఒక్కసారి కలపండి. మొత్తం 360ని 256తో భాగిస్తే ఎఫ్ఎఫ్‌టీకి 1.4 మైక్రోసెకన్లు. ఒక్క లాజిక్ గేటు మార్చకుండానే ప్రాసెసర్ కంటే మూడున్నర రెట్లు ముందుకొచ్చారు. ఫలితాలు తిరిగొచ్చే దిశ వేరు, అవి అదే సమయంలో ఎదురు దారిలో వస్తాయి కాబట్టి దానికి విడిగా సమయం కలపనక్కర్లేదు.

రెండోది, ప్రతిసారీ పేజీలు కట్టడం, విప్పడం మానేయండి. ప్రోగ్రామ్ మొదలైనప్పుడే కొన్ని పెద్ద బఫర్లు కేటాయించి, వాటికి డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా కార్డే మెమరీ చదివి, రాసే పద్ధతి) చిరునామాలు ఒక్కసారి తీసుకుని, ప్రోగ్రామ్ ముగిసేదాకా అవే వాడండి. యూజర్ ప్రోగ్రామ్ నేరుగా ఆ బఫర్లలోనే రాసేలా మ్యాప్ చేసి ఇవ్వండి, కాపీ కూడా తప్పుతుంది. వాటిని గుండ్రంగా తిరిగే వరుసలా, అంటే రింగ్‌లా వాడితే, ఒక బఫరును కార్డు నములుతుండగా ప్రోగ్రామ్ తరవాతి బఫరు నింపుతుంది. అప్పుడు ఆ 40 మైక్రోసెకన్లు లెక్కలోంచే మాయమవుతాయి, ఎందుకంటే అవి వేరే బఫరు ప్రయాణం వెనక దాగిపోతాయి.

మూడోదాని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మీరు పంపిన డ్రైవరు కోడ్‌లో సరిగ్గా ఇదే కనిపించింది. ఇంటరప్ట్ వచ్చాక కూడా, పని అయిందో లేదో తేల్చుకోవడానికి మీరు ఒక లూపులో కార్డు స్టేటస్ రిజిస్టరును చదువుతూ కూర్చున్నారు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో రాయడానికీ చదవడానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ప్రాసెసర్ కార్డు రిజిస్టరులో రాస్తే, ఆ రాత ఉత్తరం డబ్బాలో వేసినట్టు వెళ్లిపోతుంది. ప్రాసెసర్ ఆగదు. చదివితే మాత్రం అభ్యర్థన కార్డు దాకా వెళ్లి, జవాబు తిరిగొచ్చేదాకా ఆ కోర్ ముందుకు కదలదు. ఎఫ్‌పీజీఏ కార్డుల దగ్గర ఒక్క రీడ్‌కు మైక్రోసెకను అటూ ఇటూ పడుతుంది. మీ లూపు ఎఫ్ఎఫ్‌టీకి ఆరేడుసార్లు చదువుతోంది. ప్రాసెసర్ సొంతంగా చేసుకుంటే పట్టే 5 మైక్రోసెకన్లను మీరు కేవలం అడగడానికే ఖర్చు పెట్టారు.

దీన్ని తిప్పేయండి. స్టేటస్‌ను కార్డే హోస్ట్ మెమరీలో రాయాలి. ప్రాసెసర్ ఆ మెమరీ స్థానాన్నే చూస్తూ ఉంటుంది. అది క్యాష్‌లో, అంటే ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో ఉంటుంది కాబట్టి చూడటానికి దాదాపు ఖర్చే ఉండదు, కార్డు రాసినప్పుడు మాత్రమే ఆ లైను కొత్తగా వస్తుంది. ఇక్కడ పీసీఐ నియమం మీకు అండగా ఉంది. కార్డు ముందు డేటా, తరవాత పని అయిందని చెప్పే జెండా రాస్తే, ఆ రెండు రాతలూ అదే వరుసలో మెమరీకి చేరతాయి. వరుస మారినా ఫరవాలేదని చెప్పే రిలాక్స్‌డ్ ఆర్డరింగ్ బిట్ పెట్టనంత వరకు ఆ హామీ ఉంటుంది. జెండా కనిపించిందంటే డేటా వచ్చేసినట్టే. ఇటువైపు మీ బాధ్యత ఒకటుంది. డిస్క్రిప్టర్ పూర్తిగా మెమరీలో పడ్డాకే డోర్‌బెల్ కొట్టాలి, మధ్యలో రైట్ బ్యారియర్ తప్పనిసరి. ఇది మరిచిపోయిన డ్రైవరు కొన్ని నెలలు బాగానే నడిచి, ఒకరోజు పాత డిస్క్రిప్టర్‌తో పని మొదలుపెడుతుంది. అలాంటి తప్పును పట్టుకోవడం చాలా కష్టం.

ఇంటరప్ట్ ఉంచాలా, పోలింగ్ (అయిందా అని పదేపదే చూడటం) చేయాలా అన్నది మీ ఆలస్యం ఎంత ముఖ్యమో దాన్ని బట్టి ఉంటుంది. పెద్ద గుంపులు పంపుతుంటే ఇంటరప్టే మేలు, కోర్ వేరే పని చేసుకుంటుంది. ఒక్కో ఎఫ్ఎఫ్‌టీ ఫలితం వెంటనే కావాలంటే ఒక కోర్‌ను దానికే కేటాయించి పోలింగ్ చేయాలి. మైక్రోసాఫ్ట్ తన బింగ్ సర్వర్లలో ఎఫ్‌పీజీఏలు పెట్టిన క్యాటపల్ట్ పని వివరాలు 2014లో వచ్చాయి. 1,632 సర్వర్లలో ఒక్కో కార్డు, అదీ మీలాగే మూడో తరం 8 లేన్లు. వాళ్లు సిస్టమ్ కాల్ లేకుండా యూజర్ ప్రోగ్రామ్ మెమరీలోనే 64 గదులున్న బఫరు పెట్టి, గది నిండిందని ఒక బిట్‌తో చెప్పుకునేలా చేశారు. 16 కిలోబైట్లు దాటని బదిలీలు 10 మైక్రోసెకన్లలోపే అవ్వాలన్నది వాళ్లు పెట్టుకున్న లక్ష్యం. మీ 40తో పోల్చి చూడండి. బస్సు, అంటే డేటా నడిచే దారి అదే, తతంగమే వేరు.

ఇంతవరకు చెప్పింది కార్డు నడిపే పద్ధతి. అంతకంటే లోతైన ప్రశ్న, ఈ పని కార్డుకు అప్పగించదగ్గదేనా అన్నది. దీనికి నేను వాడే కొలత ఒక్కటే: బస్సు దాటిన ఒక్కో బైటుకు ఎన్ని లెక్కలు జరుగుతున్నాయి? 1024 బిందువుల ఎఫ్ఎఫ్‌టీకి సుమారు 51 వేల లెక్కలు. వచ్చీపోయే డేటా 16 కిలోబైట్లు. బైటుకు మూడు లెక్కలు. 1024 వరుసలు, 1024 నిలువుల మాత్రికలు రెండు గుణిస్తే 200 కోట్లకు పైగా లెక్కలు, కదిలే డేటా 12 మెగాబైట్లు. బైటుకు 170. మాత్రికల గుణకారం కార్డుకు ఎందుకు అంత బాగా నప్పుతుందో, విడి ఎఫ్ఎఫ్‌టీ ఎందుకు నప్పదో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఈ కొలతకు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ టోక్యో విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రజ్ఞులు 1989లో కట్టిన గ్రేప్-1. నక్షత్రాల మధ్య గురుత్వాకర్షణ లెక్కగట్టే యంత్రం అది. దాన్ని హోస్ట్ కంప్యూటర్‌కు కలిపింది ప్రయోగశాల పరికరాల కోసం పుట్టిన జీపీఐబీ కేబుల్‌తో. సెకనుకు ఒక మెగాబైటు కూడా దాటని దారి! అయినా ఆ యంత్రం గొప్పగా పనిచేసింది. వెయ్యి నక్షత్రాలుంటే వెయ్యి స్థానాలు పంపితే చాలు, లోపల పది లక్షల జంటల లెక్క జరుగుతుంది, తిరిగొచ్చేవి వెయ్యి త్వరణాలే. కక్ష్యల లెక్క హోస్ట్‌లోనే ఉంచుకుని, డేటా తక్కువ, పని ఎక్కువ ఉన్న ముక్కను మాత్రమే కోసి బయట పెట్టారు. ఎక్కడ కోయాలో తెలిసినవాళ్లు ఇరుకు దారితోనూ నెగ్గుకొచ్చారు.

దీనికి పూర్తి భిన్నం ఇంటెల్ 8087. 1980లో వచ్చిన ఆ చిప్ పనిచేసింది ఒక్కో సూచన స్థాయిలో, ఒక గుణకారం, ఒక భాగహారం చొప్పున. అలాంటిదాన్ని కేబుల్ చివర పెడితే చచ్చిపోతుంది. అందుకే దాన్ని 8086 పక్కనే, అదే బస్సు మీద కూర్చోబెట్టారు. ప్రాసెసర్ చదివే సూచనలన్నిటినీ అదీ గమనిస్తూ, తన సూచన రాగానే అందుకునేది. చిరునామా లెక్కగట్టి మొదటి రీడ్ చేసిపెట్టేది కూడా ప్రాసెసరే. ఒక గుణకారానికే వంద క్లాకులకు అటూ ఇటూ పట్టే రోజులు కాబట్టి ఆ దూరం సరిపోయింది. లెక్క వేగం పెరిగేకొద్దీ ఆ కొద్ది దూరం కూడా భారమై, 1989లో 486తో అది ప్రాసెసర్ లోపలికే వెళ్లిపోయింది. పని ముక్క ఎంత చిన్నదైతే యంత్రం అంత దగ్గర ఉండాలి.

గూగుల్ 2015 నుంచి తన డేటా సెంటర్లలో వాడిన మొదటి టీపీయూ (న్యూరల్ నెట్‌వర్క్ లెక్కల కోసం కట్టిన చిప్) ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మూడో తరం 16 లేన్ల కార్డు, 65,536 గుణకార యూనిట్లు, సూచనలు తనకు తానుగా తెచ్చుకోదు, హోస్టే పంపుతుంది. అందుకే దాన్ని కట్టినవాళ్లు అది జీపీయూ కంటే పాతకాలపు ఫ్లోటింగ్ పాయింట్ సహ ప్రాసెసర్‌కే దగ్గరని రాశారు. హోస్ట్‌తో మాట్లాడటానికి పట్టిన సమయాన్ని వాళ్లు దాచకుండా అంకెల్లో ఇచ్చారు: టీపీయూ నడిచే సమయంతో పోలిస్తే ఒక్కో పనికి 11 శాతం నుంచి 76 శాతం వరకు. అంత పెద్ద సంస్థ, అంత శ్రద్ధగా కట్టిన చిప్‌కే దారి ఖర్చు ఆ స్థాయిలో ఉంది. మీ తొలి కొలత చూసి కుంగిపోవలసిన పని లేదు.

ఇప్పుడు మీ పనికి వద్దాం. ఎఫ్ఎఫ్‌టీ తరవాత మీ ప్రోగ్రామ్ ఏం చేస్తోంది? ఒక్కో బిందువుకు పరిమాణం లెక్కగట్టి, ఒక గీత దాటినవి ఏవో చూస్తోంది. ఆ రెండు పనులూ కార్డులోకి తీసుకెళ్లండి. అవి ఎఫ్‌పీజీఏలో చాలా చవక. అప్పుడు తిరిగొచ్చేది 8 కిలోబైట్లు ఉండదు, గీత దాటిన బిందువుల చిట్టా మాత్రమే, కొన్ని పదుల బైట్లు. వెళ్లే దిశలో మీ రిసీవరు నిజానికి ఇస్తున్నది 16 బిట్ల పూర్ణాంకాలు, ఒక్కో శాంపిల్‌కు 4 బైట్లు. మీరు వాటిని ప్రాసెసర్‌లో ఫ్లోటింగ్ పాయింట్‌గా మార్చి, పరిమాణం రెట్టింపు చేసి పంపుతున్నారు. మార్చకుండా అలాగే పంపండి, మార్పిడి కార్డులో చేయండి. ఒక ఎఫ్ఎఫ్‌టీకి 4 కిలోబైట్లు చాలు.

క్లాకుకు 32 బైట్లు అని గుర్తుంచుకోమన్నాను కదా. శాంపిల్‌కు 4 బైట్లయితే 32 బైట్లలో సరిగ్గా 8 శాంపిళ్లు పడతాయి. మీరు కట్టిన 8 శాంపిళ్ల యంత్రం అప్పుడు దారికి అచ్చంగా సరిపోతుంది, ఒక్క గేటూ వృథా కాదు. సెకనుకు ఆరున్నర గిగాబైట్ల చొప్పున ఎఫ్ఎఫ్‌టీకి 0.63 మైక్రోసెకను. రింగ్ పద్ధతిలో తతంగం దాచేస్తే ప్రాసెసర్ మీద ఎనిమిది రెట్లు, అదీ మార్పిడి, పరిమాణం, గీత పోలిక అన్నీ కలుపుకుని. ఇదే స్లాటు, ఇదే కార్డు.

ఇంకో అడుగు ముందుకెళ్లాలంటే, డేటా ఫైలు నుంచి కాకుండా నేరుగా రిసీవరు నుంచి వచ్చే రోజు ఆలోచించండి. అప్పుడు శాంపిళ్లు హోస్ట్ మెమరీకి వచ్చి, మళ్లీ కార్డుకు వెళ్లనవసరం లేదు. సంకేతాన్ని అంకెలుగా మార్చే ఏడీసీ తీగలు ఎఫ్‌పీజీఏలోకే దిగవచ్చు. పుణె దగ్గర ఖోడద్ చుట్టుపక్కల పరుచుకున్న జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శినిని ఉన్నతీకరించినప్పుడు ఇలాగే పంచుకున్నారు. 30 యాంటెన్నాల సంకేతాలను డిజిటల్‌గా మార్చే చోటే ఎఫ్‌పీజీఏ బోర్డులు ఉన్నాయి. అవి డేటాను ప్యాకెట్లుగా కట్టి 10 గిగాబిట్ ఈథర్‌నెట్ మీద సర్వర్లకు పంపుతాయి. ఎఫ్ఎఫ్‌టీ, యాంటెన్నాల జంటల మధ్య గుణకారం రెండూ జీపీయూల్లోనే వెంట వెంట జరుగుతాయి. ఎఫ్ఎఫ్‌టీ ఒకచోట, గుణకారం ఇంకోచోట పెట్టి మధ్యలో బస్సు దాటించలేదు. క్యాటపల్ట్ కూడా 2016 నాటికి అదే బాట పట్టింది. ఎఫ్‌పీజీఏను నెట్‌వర్క్ కార్డుకూ స్విచ్‌కూ మధ్య, డేటా ఎలాగూ నడిచే తీగ మీదే పెట్టారు.

సీఎక్స్ఎల్ గురించి అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను. 2019లో ఇంటెల్ ముందుకు తెచ్చిన ఈ ప్రమాణం పీసీఐ తీగల మీదే నడుస్తుంది. దానివల్ల అదనపు బ్యాండ్‌విడ్త్ ఏమీ పుట్టదు. అది ఇచ్చేది పొందిక. కార్డు హోస్ట్ మెమరీని తన క్యాష్‌లో ఉంచుకోవచ్చు, ప్రాసెసర్ కార్డు మెమరీని సొంత మెమరీలా చదవవచ్చు, ఇద్దరి క్యాష్‌లూ ఒకదానితో ఒకటి పొసిగేలా హార్డ్‌వేరే చూసుకుంటుంది. ఐబీఎం 2014లో పవర్8 ప్రాసెసర్‌తో తెచ్చిన సీఏపీఐ (CAPI) అనే పద్ధతి ఇదే ఆలోచనకు ముందు రూపం. కార్డు ఒక చెట్టులాంటి డేటా నిర్మాణంలో కొమ్మ వెంట కొమ్మ పట్టుకుని తిరగాలంటే, లేదా ప్రాసెసర్, కార్డు ఒకే పట్టికను చిన్న చిన్న ముక్కలుగా కలిసి మార్చాలంటే సీఎక్స్ఎల్ నిజంగా విలువైనది. మీది ఒక చివర పోసి రెండో చివర పట్టుకునే ప్రవాహం. దానికి మామూలు డీఎంఏ చాలు.

అదే చిప్‌లో ప్రాసెసర్, ఎఫ్‌పీజీఏ రెండూ ఉండే జింక్ (Zynq) లాంటివి వాడితే ఎలా ఉంటుందని కూడా రాశారు. దూరం బాగా తగ్గుతుంది, కానీ ఒక విషయం ఒంటపట్టించుకోవాలి. జింక్-7000లో ఎఫ్‌పీజీఏ వైపు నుంచి మెమరీని చేరడానికి హెచ్‌పీ అనే పోర్టులు నాలుగు, ఏసీపీ అనేది ఒకటి ఉన్నాయి. హెచ్‌పీ దారి ప్రాసెసర్ క్యాష్‌ను పట్టించుకోదు, నేరుగా మెమరీకి వెళ్తుంది. ఏసీపీ క్యాష్‌ను చూసి వెళ్తుంది. మా దగ్గర చేరిన ఒక యువ ఇంజినీరు ఇలాంటి బోర్డు మీద మూడు రోజులు తప్పుడు ఫలితాలతో కుస్తీ పట్టాడు. లాజిక్‌లోనే తప్పుందని అతని నమ్మకం. తప్పుడు అంకెలను కాగితం మీద అచ్చు తీయించి గీతలు గీయమన్నాను. తప్పులు ఎప్పుడూ ఎనిమిదేసి అంకెల గుంపులుగా వస్తున్నాయి. అంకెకు 4 బైట్లు, ఎనిమిది అంకెలంటే 32 బైట్లు. ఆ ప్రాసెసర్ క్యాష్ లైను పొడవు సరిగ్గా అంతే. ఎఫ్‌పీజీఏ కొత్త ఫలితం మెమరీలో రాసింది, ప్రాసెసర్ మాత్రం తన క్యాష్‌లో మిగిలిన పాత లైన్లు చదువుతోంది. చదివే ముందు ఆ బఫరు క్యాష్ లైన్లను చెల్లనివిగా చేస్తే సరిపోయింది. తప్పు ఎక్కడుందో దాని ఆకారమే చెబుతుందని ఆ రోజు నుంచి అతను మరిచిపోలేదు. మీ డెస్క్‌టాప్ ఎక్స్86 యంత్రంలో పీసీఐ కార్డు డీఎంఏ మామూలుగా క్యాష్‌తో పొందికగానే జరుగుతుంది కాబట్టి ఈ బాధ లేదు.

స్లాటులో కార్డు పెట్టే దగ్గర కూడా రెండు మూడు ఉచ్చులున్నాయి. లైనక్స్‌లో కార్డుల వివరాలు చూపే ఎల్ఎస్‌పీసీఐ (lspci) కమాండ్‌ను పూర్తి వివరాలతో నడిపి, కార్డు సామర్థ్యం చెప్పే లింక్ క్యాప్ వరుసను, ఇప్పుడు నిజంగా కుదిరిన వేగం చెప్పే లింక్ స్టేటస్ వరుసను పక్కపక్కన చూడండి. పొడవుకు 16 లేన్లలా కనిపించే స్లాటుల్లో చాలావాటికి లోపల 4 లేన్లే ఉంటాయి. కొన్ని ప్రాసెసర్‌కు కాకుండా చిప్‌సెట్‌కు కలిసి, డిస్కుతోనూ యూఎస్‌బీతోనూ దారి పంచుకుంటాయి. డ్రైవరులో 64 బిట్ల డీఎంఏ మాస్క్ (కార్డు ఎంత పై చిరునామా దాకా చేరగలదో చెప్పే అంకె) పెట్టారా చూడండి. పెట్టకపోతే, ఐవోఎంఎంయూ లేని చోట 4 గిగాబైట్ల పైనున్న బఫర్లను లైనక్స్ చడీచప్పుడు లేకుండా కింది మెమరీలోకి కాపీ చేసి పంపుతుంది, మీరు మానేశామనుకున్న కాపీ దొడ్డిదారిన తిరిగొస్తుంది. కార్డు మెమరీ మొత్తాన్ని ఒకే పెద్ద బార్‌గా (BAR, కార్డుకు కేటాయించే చిరునామాల పరిధి) చూపిస్తుంటే బయోస్‌లో 4 గిగాబైట్ల పైన చిరునామాలు ఇచ్చే ఎంపిక తెరిచి ఉండాలి.

ఎఫ్‌పీజీఏలకే ప్రత్యేకమైన ఉచ్చు ఇంకోటి. కొన్నేళ్ల కిందట మేము కట్టిన కార్డు మా ప్రయోగశాలలో ప్రతిరోజూ కనిపించేది, కొనుక్కున్నవారి దగ్గర ఉదయం మొదటిసారి కంప్యూటర్ వేసినప్పుడు కనిపించేది కాదు. రీస్టార్ట్ చేస్తే కనిపించేది. కారణం చివరికి సమయం లెక్కలో దొరికింది. విద్యుత్తు స్థిరపడ్డాక రీసెట్ సంకేతం కనీసం 100 మిల్లీసెకన్లు నిలుస్తుంది, అది తొలగాక 20 మిల్లీసెకన్లలో కార్డు లింకు కలపడానికి సిద్ధం కావాలి. విద్యుత్తు వచ్చిన ప్రతిసారీ మా ఎఫ్‌పీజీఏ తనలో నింపుకోవలసిన లాజిక్ ఫైలు సుమారు 128 మెగాబిట్లు. దాన్ని 4 తీగల ఫ్లాష్ నుంచి 50 మెగాహెర్ట్జ్ దగ్గర నింపుకోవడానికి 0.64 సెకను. మా పాత యంత్రం మెమరీ పరీక్షలతో నిదానంగా లేచేది కాబట్టి ఆ ఆలస్యం కప్పబడిపోయింది. కొన్నవారి కొత్త యంత్రం చకచకా లేచి, బస్సు మీద ఎవరున్నారో లెక్కపెట్టే వేళకు మా కార్డు ఇంకా తనను తాను నింపుకుంటూనే ఉంది. రీస్టార్ట్‌లో విద్యుత్తు పోదు, ఎఫ్‌పీజీఏ నిండే ఉంటుంది, అందుకే కనిపించేది. పీసీఐ భాగాన్ని మాత్రం ముందుగా నింపి, మిగతాది తరవాత నింపే రెండంచెల పద్ధతికి మారాక ఆ ఫిర్యాదు ఆగింది. మీ కార్డును పూర్తిగా విద్యుత్తు తీసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేసి చూడండి. ఇలా కనీసం పదిసార్లు.

పని మొదలుపెట్టే క్రమం ఇలా ఉంటే బాగుంటుంది. ముందు ఎఫ్ఎఫ్‌టీని పక్కనపెట్టి, వచ్చిన డేటాను వచ్చినట్టే తిప్పి పంపే లూప్‌బ్యాక్ లాజిక్ మాత్రం కార్డులో పెట్టండి. 64 బైట్లతో ఒకసారి, 8 కిలోబైట్లతో ఒకసారి, 2 మెగాబైట్లతో ఒకసారి వెళ్లి రావడానికి ఎంత పడుతోందో కొలవండి. ఒక్కోటి లక్షసార్లు నడిపి, సగటుతో పాటు అన్నిటికంటే ఎక్కువ పట్టిన సమయం కూడా రాసుకోండి. మొదటి అంకె మీ తతంగం, మూడో అంకె మీ దారి వెడల్పు. రిజిస్టరు చదివే లూపు తీసేయక ముందు ఒకసారి, తీసేశాక ఒకసారి కొలిచి, ఎల్ఎస్‌పీసీఐ ఇచ్చిన ఆ రెండు వరుసలతో కలిపి పంపండి. డిస్క్రిప్టర్ల పరిమాణం, రింగ్ లోతు ఎంత ఉండాలో ఆ అంకెలు చూసి చెబుతాను.